మిర్చి యార్డు పక్కన కూర్చుని బట్టీ పడుతున్న అర్థశాస్త్రం: ఇంటర్మీడియట్ విద్యామండలికి బహిరంగ లేఖ

ఇంటర్మీడియట్ విద్యామండలి కార్యదర్శి గారికి, అర్థశాస్త్రం ప్రశ్నపత్రాలు తయారుచేసే పెద్దలకు,

నమస్కారం.

నేను గుంటూరులో ఉంటాను. గుంటూరు, విజయవాడ కాలేజీల్లో చాలా ఏళ్లుగా సీఈసీ (పౌరశాస్త్రం, అర్థశాస్త్రం, కామర్స్), ఎంఈసీ (గణితం, అర్థశాస్త్రం, కామర్స్) పిల్లలకు అర్థశాస్త్రం చెబుతున్నాను. మిమ్మల్ని ముఖ్యంగా అడగదలచుకున్నది ఒక్కటే. వంద మార్కుల అర్థశాస్త్రం పేపర్లో కనీసం పాతిక మార్కులకు గైడులో జవాబు దొరకని ప్రశ్నలు ఇవ్వండి. పిల్లలు అంతకుముందు చూడని ఒక చిన్న పరిస్థితిని, నాలుగు అంకెలను వాళ్ల ముందు పెట్టి, ఇక్కడ ఏం జరుగుతోంది, ఎందుకు జరుగుతోంది అని అడగండి. సిలబస్ జోలికి వెళ్లనక్కర్లేదు, పుస్తకం లావు పెంచనక్కర్లేదు. పరీక్షలో ఏది అడిగితే క్లాసులో అదే చెబుతాం, ఏది అడగరో దాన్ని దాటేసి వెళ్లిపోతాం. ప్రిన్సిపాల్ అడిగేదీ అదే, తల్లిదండ్రులు అడిగేదీ అదే. అందుకే ఈ లేఖ సిలబస్ కమిటీకి కాకుండా ప్రశ్నపత్రం రాసేవాళ్లకు రాస్తున్నాను.

ఏళ్ల తరబడి మన పేపర్ నడిచిన తీరు మీకు తెలియనిది కాదు. పది మార్కులవి మూడు, అయిదు మార్కులవి ఎనిమిది, రెండు మార్కులవి పదిహేను. ఆ మూడు పదుల్లో ఏమొస్తాయో సంక్రాంతి సెలవులకే ప్రతి కాలేజీలో తెలిసిపోతుంది. రాబిన్స్ నిర్వచనం, క్షీణోపాంత ప్రయోజన సూత్రం, డిమాండ్ సూత్రం, సంపూర్ణ పోటీ, రికార్డో భాటక (భూమి అద్దె) సిద్ధాంతం, జాతీయాదాయం. ఒక్కోదానికి పక్కన నక్షత్రం పెట్టిన కాగితాలు జిరాక్స్ షాపుల్లో కట్టలు కట్టలుగా ఉంటాయి. జవాబుకు కూడా ఒక అచ్చు ఉంది. ముందు నిర్వచనం, తర్వాత ప్రమేయాలు, పట్టిక, రేఖాపటం, మినహాయింపులు. రేఖాపటం పెన్సిల్‌తో గీసి, అక్షాలకు పేర్లు రాసి, అయిదు మినహాయింపులు నంబర్లు వేసి రాస్తే మార్కులు పడతాయి. ఆ డిమాండ్ గీత కిందికి ఎందుకు వాలిందో ఆ పిల్లకు తెలుసా లేదా అన్నది ఎవరూ అడగరు, పేపర్‌లో అడగడానికి చోటూ లేదు.

ఒకసారి ప్రత్తిపాడు వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి క్లాసులో లేచి అడిగింది. వాళ్ల నాన్న మూడెకరాల్లో మిరప వేస్తారు, అందులో రెండెకరాలు కౌలు. "మేడమ్, ధర తగ్గితే కొనేది పెరుగుతుందని రాశాం కదా. మరి రేటు అంత పడిపోయినా మా నాన్న కాయ ఎవరూ కొనలేదు. యార్డులో పెట్టుకుని కూర్చున్నారు. సూత్రం తప్పా?"

నా ఉద్యోగ జీవితంలో విన్న మంచి ప్రశ్నల్లో ఇదొకటి. సూత్రం తప్పు కాదు. కానీ ఆ అమ్మాయికి సమాధానం చెప్పాలంటే ఆ రోజు సిలబస్‌లో నాలుగైదు అధ్యాయాలు తెరవాల్సి వచ్చింది. డిమాండ్ సూత్రం "ఇతర అంశాలు మారకుండా ఉంటే" అన్న షరతు మీద నడుస్తుంది. ఆ షరతును పిల్లలు ప్రతి జవాబులో రాస్తారు, దాని మీద ఒక్క క్షణం ఆగరు. ఇక్కడ మారినవి ఆ ఇతర అంశాలే. కాయ ఎక్కువ దిగుబడి అయింది, కోల్డ్ స్టోరేజీల్లో పాత సరుకు ఉంది, ఎగుమతి ఆర్డర్లు మందగించాయి. పైగా మిర్చి డిమాండ్‌కు వ్యాకోచత్వం, అంటే ధర మారితే కొనుగోలు మారే గుణం, చాలా తక్కువ. కారం ధర సగానికి పడిందని మన ఇంట్లో కూరలో రెండింతల కారం వేసుకోం. వాడకం పెద్దగా పెరగదు కాబట్టి, కొంచెం సరుకు ఎక్కువైనా రేటు చాలా పడాల్సి వస్తుంది. వాళ్ల నాన్న యార్డులో చూసింది దాన్నే.

2023లో తేజ రకం క్వింటా రూ. 20 వేలు దాటినప్పుడు గుంటూరు చుట్టుపక్కల అందరి చూపూ మిరప మీదే ఉంది. అలా రేటు చూసి వేసిన పంట చేతికొచ్చేసరికి రేటు అక్కడ ఉండదు. 2025 మొదట్లో రేటు సగానికి దగ్గరగా పడిపోయి, ఆ ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాకు రూ. 11,781 ధర నిర్ణయించి, 2.91 లక్షల టన్నుల వరకు ఆ ధరకూ మార్కెట్ రేటుకూ మధ్య తేడా సొమ్ము చెల్లించడానికి ఒప్పుకోవలసి వచ్చింది. నిన్నటి ధర చూసి రేపటి పంట వేయడం వల్ల ధర, ఉత్పత్తి ఒకదాన్నొకటి తరుముకుంటూ తిరిగే ఈ తీరును 1930లలోనే అర్థశాస్త్రవేత్తలు గమనించారు. నికొలస్ కాల్డార్ 1934లో దానికి సాలెగూడు సిద్ధాంతమని పేరు పెట్టాడు. గుంటూరు జిల్లా పిల్లలకు ఇది సిద్ధాంతంగా తెలియకపోవచ్చు, ఇంట్లో జరిగిన సంగతిగా తెలుసు. నా క్లాసులో సగం మంది దాన్ని వాళ్ల మాటల్లో చెప్పగలిగారు. పరీక్షలో మాత్రం దాని గురించి ఒక్క వాక్యం రాసే అవకాశం వాళ్లకు రాలేదు.

కౌలు సంగతీ అంతే. మిర్చి రేటు బాగున్న ఏడాది తర్వాత కౌలు రేట్లు పెరుగుతాయని ఆ పిల్లలకు తెలుసు. కౌలు పెరిగింది కాబట్టి మిర్చి రేటు పెరగలేదు, మిర్చి రేటు పెరిగింది కాబట్టి కౌలు పెరిగింది. 1817లో రికార్డో ధాన్యం గురించి చెప్పింది ఇదే మాట. భాటకం ధరను నిర్ణయించదు, ధర భాటకాన్ని నిర్ణయిస్తుంది. మా పిల్లలు ఈ సిద్ధాంతాన్ని ఏ, బీ, సీ అనే మూడు రకాల భూముల పట్టికగా గీసి పది మార్కులు తెచ్చుకుంటారు. తమ ఇంటి కౌలు కాగితంలో ఉన్నదీ ఆ పట్టికలో ఉన్నదీ ఒకటేనని చాలామందికి తట్టదు. తట్టేలా చెప్పడానికి నాకు ఒక్క పీరియడ్ చాలు. ఆ పీరియడ్ వాడితే "పోర్షన్ వెనకబడింది" అంటారు.

ఎలాంటి ప్రశ్న కావాలంటున్నానో మాటల్లో చెప్పి వదిలేయను, ఒకటి రాసి చూపిస్తాను. ఇందులోని అంకెలు నేను లెక్క కోసం వేసుకున్నవి.

ఒక రైతు దగ్గర 40 కిలోల మిర్చి టిక్కీలు (బస్తాలు) 100 ఉన్నాయి. ఈ రోజు యార్డులో రేటు క్వింటా రూ. 12,000. ఆరు నెలలు ఆగితే రూ. 13,000 వస్తుందని అనుకుంటున్నాడు. కోల్డ్ స్టోరేజీ అద్దె ఆరు నెలలకు టిక్కీకి రూ. 200. పంట పెట్టుబడికి బయట తెచ్చిన అప్పు మీద నెలకు నూటికి రూపాయిన్నర వడ్డీ కడుతున్నాడు, సరుకు అమ్మితే వచ్చిన సొమ్మంతా ఆ అప్పుకే పోతుంది. అతను ఇప్పుడు అమ్మాలా, ఆగాలా? అదే సరుకు, అప్పు లేని ఇంకొక రైతు దగ్గర ఉండి, అమ్మిన సొమ్ము బ్యాంకులో వేస్తే ఏడాదికి నూటికి ఆరు రూపాయలు వస్తుందంటే అతను ఏం చేయాలి?

మొదటి రైతుకు ఈ రోజు అమ్మితే రూ. 4,80,000. ఆగితే రూ. 5,20,000. పైకి నలభై వేలు లాభం. అందులో స్టోరేజీకి ఇరవై వేలు పోతాయి. ఆరు నెలల వడ్డీ నూటికి తొమ్మిది చొప్పున రూ. 43,200. అంటే ఆగినందుకు అతను రూ. 23,200 నష్టపోతాడు. అతను ఆగడం గిట్టాలంటే రేటు క్వింటా రూ. 13,580 దాటాలి. రెండో రైతుకు వదులుకున్న బ్యాంకు వడ్డీ రూ. 14,400 మాత్రమే. స్టోరేజీ అద్దె కూడా తీసేస్తే అతనికి రూ. 5,600 మిగులుతుంది. సరుకు ఒకటే, యార్డు ఒకటే, రేటు ఒకటే. అప్పున్నవాడు ఈ రోజే అమ్ముకోవాలి, లేనివాడు ఆగగలడు. సంక్రాంతి దాటాక టిక్కీలన్నీ ఒకేసారి యార్డుకు ఎందుకు వచ్చి పడతాయో, అప్పుడే రేటు ఎందుకు దిగుతుందో ఈ లెక్క చేసిన పిల్లకు ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. అవకాశ వ్యయం (ఒకటి ఎంచుకున్నందుకు వదులుకున్న రెండోదాని విలువ) నిర్వచనాన్ని రెండు మార్కులకు రాయడం వేరు, ఈ లెక్క చేయడం వేరు.

క్లాసులో ఈ లెక్క ఇచ్చినప్పుడు ఒక కుర్రాడు ఇంకో మాట కలిపాడు. పెట్టుబడి ఇచ్చిన కమీషన్ ఏజెంటు దగ్గరకే కాయ తీసుకెళ్లాలి కదా, ఎక్కువ రేటు ఇచ్చేవాడి కోసం వెతికే వీలు ఎక్కడిది అన్నాడు. అంతకుముందు వారమే అతను సంపూర్ణ పోటీ లక్షణాలను పొల్లుపోకుండా అప్పజెప్పాడు. అనేకమంది కొనుగోలుదారులు, అమ్మకందారులు, స్వేచ్ఛగా రాకపోకలు, సంపూర్ణ సమాచారం. ఆ లక్షణాల్లో ఏది తమ ఊరి మార్కెట్లో ఉంది, ఏది లేదు అని అతను ఆలోచించడం మొదలుపెట్టింది ఆ రోజే. అలా ఆలోచించినందుకు మీ పేపర్ అతనికి మార్కులు ఇవ్వాలని నా కోరిక.

విజయవాడ పిల్లలకు మిర్చి అంత దగ్గర కాదు. వాళ్లకు బుడమేరు వాగు ఉంది. 2024 సెప్టెంబర్ మొదట్లో సింగ్‌నగర్, పాయకాపురం ప్రాంతాలు మునిగినప్పుడు నా విద్యార్థుల ఇళ్లూ వాటిలో ఉన్నాయి. కాలేజీ తెరిచాక పాల ప్యాకెట్ ధర గురించి, పడవ ఎక్కించుకోవడానికి అడిగిన డబ్బు గురించి క్లాసులో పెద్ద వాదనే జరిగింది. ధర పెంచితేనే సరుకు తెచ్చేవాళ్లు వస్తారని ఒకడు అన్నాడు, పుస్తకంలో సప్లయి సూత్రం అదే. వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి, నీళ్లలో దారే లేనప్పుడు ధర ఎంత పెంచినా ఇంకో పాల వ్యాన్ రాలేదు కదా, ఉన్న పాలు డబ్బున్నవాళ్లకు పోవడం తప్ప ఏం జరిగింది అని అడిగింది. స్వల్పకాలంలో సప్లయి అవ్యాకోచంగా ఉంటే పెరిగిన ధర సరుకును పెంచదు, ఎవరికి దక్కాలో మాత్రం తేలుస్తుంది. ఆ అమ్మాయి ఆ పదాలేవీ వాడలేదు, విషయం మాత్రం సరిగ్గా పట్టుకుంది. అదే అమ్మాయికి సప్లయి వ్యాకోచత్వం మీద అయిదు మార్కుల ప్రశ్నలో రెండున్నర వచ్చింది, రకాల పేర్లు వరసగా రాయలేదని.

ఇక లెక్కల సంగతి. 2015లో రాజధాని కోసం తుళ్లూరు వైపు భూసమీకరణ జరిగినప్పుడు ఎకరాకు మెట్టకు ఏటా రూ. 30,000, జరీబుకు (నీటి వసతి ఉన్న భూమికి) రూ. 50,000 కౌలు పదేళ్లపాటు ఇస్తామన్నారు, ఏటా మెట్టకు మూడు వేలు, జరీబుకు అయిదు వేలు పెంచుతూ. పదేళ్లకు మెట్ట ఎకరాకు మొత్తం రూ. 4,35,000, జరీబుకు రూ. 7,25,000. కూడిక ఎవరైనా చేస్తారు. పదో ఏట చేతికొచ్చే రూ. 57,000 ఈ రోజు ఎంత విలువ చేస్తుందో చెప్పాలంటే కొంచెం గణితం రావాలి. సీఈసీ పిల్లకు మనం ఆ గణితం ఇవ్వడం లేదు. పదో తరగతితోనే ఆమెకు లెక్కలు ఆగిపోతాయి.

దీని ఫలితం రెండేళ్ల తర్వాత బయటపడుతుంది. అర్థశాస్త్రం మీద ఇష్టంతో సీఈసీ తీసుకుని, పైచదువుకు ఢిల్లీ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం ఆనర్స్ చేద్దామనుకున్న పిల్లకు అక్కడి నిబంధన అడ్డం వస్తుంది. ఆ కోర్సుకు సీయూఈటీ అనే ప్రవేశ పరీక్షలో గణితం రాసి తీరాలి. సీఏ ఫౌండేషన్ రాసేవాళ్లకు అర్థశాస్త్రంతో పాటు ఇంకో పేపర్లో గణితం, గణాంకాలు ఎదురవుతాయి. ఎంఈసీ తీసుకోవచ్చు కదా అంటారు. విజయవాడలో ఫీజు కట్టగలిగినవాళ్లకు దొరుకుతుంది. చిన్న ఊళ్లలో మా పిల్లలకు అందుబాటులో ఉన్న కాలేజీల్లో చాలాచోట్ల గణితం లేని సీఈసీ, హెచ్ఈసీ దగ్గరే ఆగిపోతుంది. ఈమధ్య మీరు బైపీసీ పిల్లలు గణితం కూడా చదువుకునేలా ఎంబైపీసీ తెచ్చారు. మంచి పని. అదే దారి సీఈసీ పిల్లలకూ ఆచరణలో ఉండాలి. ఉత్తర్వులో ఒక వాక్యం ఉంటే చాలదు, ప్రభుత్వ జూనియర్ కాలేజీ టైమ్‌టేబుల్లో ఆ పీరియడ్ కనబడాలి, అది చెప్పే మనిషి ఉండాలి.

ఇవన్నీ చెబితే కొందరు పెద్దలు నాతో ఒక మాట అంటుంటారు. సీఈసీలో చేరేది ఎంపీసీ, బైపీసీ చదవలేనివాళ్లే కదమ్మా, వాళ్లకు అంత కష్టమైన ప్రశ్నలు ఎందుకు, పాసయి బయటపడితే చాలు అని. ఈ మాటతో నాకు ఏ మాత్రం రాజీ లేదు. బెంజి సర్కిల్ నుంచి ఏ వైపు చూసినా ర్యాంకుల హోర్డింగులే కనిపించే నగరంలో, అర్థశాస్త్రం చదివే పిల్ల పదహారేళ్లకే తనను తాను తక్కువ చేసుకోవడం నేర్చుకుంటోంది. పొన్నూరు పక్క నిడుబ్రోలులో పుట్టిన ఎన్.జి. రంగా ఆక్స్‌ఫర్డ్‌లో అర్థశాస్త్రం చదివారు. మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలో ఆ పాఠమే చెప్పారు. ఆ చదువును తీసుకొచ్చి రైతు ఉద్యమంలో పెట్టారు. ఈ జిల్లాలో అర్థశాస్త్రం మిగిలిపోయినవాళ్ల చదువు ఎప్పుడూ కాదు, మనం అలా చేశాం. బట్టీ ప్రశ్నలతో పేపర్ ఇవ్వడమంటే వీళ్లు ఆలోచించలేరని ముందే తీర్పు రాసేయడం. పైన చెప్పిన ప్రశ్నలు అడిగిన పిల్లలంతా సీఈసీ వాళ్లే. అందులో ఎక్కువ మంది తెలుగు మీడియం.

పేపర్లు దిద్దేవాళ్ల ఇబ్బంది నాకు తెలుసు. స్పాట్ వాల్యుయేషన్లో కట్టలు ముందుంటాయి, సాయంత్రానికి ముగించాలి. ఒకే రకం జవాబైతే కన్ను వేగంగా పోతుంది. అయినా గణితం పేపర్ దిద్దేవాళ్లు మెట్టు మెట్టుకీ మార్కులు వేస్తూనే ఉన్నారు కదా. రైతు లెక్కలో అద్దె తీసేసినందుకు ఒక మార్కు, వడ్డీ లెక్క కట్టినందుకు రెండు, ఇద్దరు రైతుల మధ్య తేడా ఎందుకొచ్చిందో రాసినందుకు రెండు అని కీలో పెట్టవచ్చు. తీర్మానం ఏదైనా కారణం సరిగ్గా ఉంటే మార్కు ఇవ్వాలని కూడా అందులోనే రాయవచ్చు.

శ్రీకాకుళం పిల్లకు మిర్చి యార్డు తెలియదు, గుంటూరు పిల్లకు మేలు చేసినట్టవుతుందని ఇంకో అభ్యంతరం. న్యాయమైనదే. అందుకే కావలసిన వివరమంతా ప్రశ్నలోనే ఉండాలి. ఒక ఏడాది పలాస జీడిపప్పు, ఒక ఏడాది మదనపల్లె టమాటా, ఇంకో ఏడాది భీమవరం రొయ్య రావచ్చు. టమాటా చూడని పిల్ల, కారం తినని పిల్ల రాష్ట్రంలో ఉండరు.

ప్రాజెక్టు పెట్టి ఇంటర్నల్ మార్కులు ఇస్తే పోదా అనేవాళ్లూ ఉన్నారు. సీబీఎస్ఈలో 80 మార్కులు పరీక్షకు, 20 మార్కులు ప్రాజెక్టుకు ఉన్నాయి. మన దగ్గర అది వద్దనే నా అభిప్రాయం. కాలేజీలు ర్యాంకుల కోసం పోటీ పడే చోట ఇంటర్నల్స్ అందరికీ ఇరవైకి ఇరవై పడిపోతాయి, ప్రాజెక్టులు కూడా ఆ జిరాక్స్ షాపుల్లోనే దొరుకుతాయి. బోర్డు పరీక్షలో అడిగిందే మా దగ్గర నిజంగా చదువుగా మారుతుంది.

ఇలా మార్చదలిస్తే దయచేసి మాదిరి ప్రశ్నపత్రం దసరా సెలవుల లోపే ఇవ్వండి. జనవరిలో ఇస్తే గైడులవాళ్లకు తప్ప ఎవరికీ ఉపయోగపడదు. అందులో ఇలాంటి ప్రశ్నలు కనీసం పదైనా ఉండాలి, వాటికి మార్కులు వేసే పద్ధతి కూడా పక్కనే ఉండాలి. మొదటి ఏడాది పది మార్కులతో మొదలుపెట్టినా సరే, పాతికకు ఎప్పుడు తీసుకెళతారో అప్పుడే చెప్పండి. తెలుగు మీడియం పేపర్లో ప్రశ్నలను ఇంగ్లిషు నుంచి అనువదించకుండా తెలుగులోనే రాయించండి. ఒక్కో జిల్లా నుంచి ఇద్దరు అధ్యాపకుల్ని పిలిచి మూడు రోజులు కూర్చోబెడితే మొదటి రెండేళ్లకు సరిపడా ప్రశ్నలు తయారవుతాయి. గుంటూరు, ఎన్టీఆర్ జిల్లాల్లో దీనికి ముందుకు వచ్చే అధ్యాపకులు నాకు తెలిసినవాళ్లే ఉన్నారు, పిలిస్తే మా సొంత ఖర్చులతో వస్తాం.

ఇట్లు,
ఒక అర్థశాస్త్ర అధ్యాపకురాలు,
గుంటూరు.